వెయింగ్ స్కేల్‌కు ఐపీ అడ్రస్ ఇవ్వడం వచ్చా?

మోడ్‌బస్ అంటే ఏమిటని ఫైనలియర్ ఈసీఈ, ఈఈఈ విద్యార్థుల్ని అడిగి చూడండి. ఫంక్షన్ కోడ్ల దగ్గర్నుంచి సీఆర్‌సీ దాకా గుక్కతిప్పుకోకుండా చెప్పేస్తారు. ‘సరే, ఇదిగో ఆర్‌ఎస్‌-485 మీటరు, ఇదిగో సీరియల్ టు ఈథర్‌నెట్ కన్వర్టర్, ఇదిగో ల్యాన్ కేబుల్. గంటలో దీని రీడింగ్ నీ ల్యాప్‌టాప్‌లో చూపించు’ అనండి. చాలామంది అక్కడ ఆగిపోతారు.

నా మాట సూటిగా చెప్పేస్తా. కోర్ ఉద్యోగం కావాలనుకునే కుర్రాడికి ఆ గంట పని చేయగలగడం, కొనుక్కున్న మేజర్ ప్రాజెక్టు కన్నా ఎక్కువ ఉపయోగం. ఆటోమేషన్, స్కాడా, బిల్డింగ్ మేనేజ్‌మెంట్, సోలార్ కంపెనీల్లో కమిషనింగ్ ఇంజినీరుగానో ఫీల్డ్ సర్వీస్ ఇంజినీరుగానో చేరిన కొత్తవాళ్ల చేతికి మొదట్లో వచ్చే పనులు ఇలాంటివే. ‘కోర్‌లో ఉద్యోగాలు లేవు సార్’ అనే మాట కాలేజీల్లో బాగా వినిపిస్తుంది. నిజమే, అవి ఐటీలాగా వందల్లో క్యాంపస్‌కి రావు. కానీ వచ్చిన నాలుగింటికైనా చేత్తో పని చేసి చూపించేవాళ్లు తక్కువ. ఆ ఖాళీ గురించే ఈ వ్యాసం.

ఇంతకీ ఏమిటీ కన్వర్టర్? అరచేతిలో పట్టే చిన్న పెట్టె. ఒక వైపు తొమ్మిది పిన్నుల సీరియల్ పోర్టో, స్క్రూ టెర్మినళ్లో ఉంటాయి. రెండో వైపు ల్యాన్ పోర్టు. దీన్నే సీరియల్ డివైస్ సర్వర్ అనీ అంటారు. ఫ్యాక్టరీలో ఉండే తూకం యంత్రం, ల్యాబ్ బ్యాలెన్స్, ఎనర్జీ మీటరు, టెంపరేచర్ కంట్రోలర్ లాంటి వాటిలో చాలావాటికి ఐపీ అడ్రస్ అనేదే ఉండదు. వాటికి తెలిసింది సీరియల్ భాష ఒక్కటే. దాన్ని నెట్‌వర్కు మీదికి ఎక్కించేది ఈ పెట్టె.

‘సీరియల్ పాతబడిపోయింది కదా’ అని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోండి. ఆర్‌ఎస్‌-232 ప్రమాణం 1960 నాటిది, మోడ్‌బస్ 1979లో వచ్చింది, ఆర్‌ఎస్‌-485 1983లో వచ్చింది. అంటే మీలో చాలామంది నాన్నల ఉద్యోగాల కన్నా పాతవి. అయినా బతికే ఉన్నాయి. ఎందుకంటే ఫ్యాక్టరీ యజమాని ఫోన్ మార్చినట్టు యంత్రాన్ని మార్చడు. బాగా పనిచేస్తున్న తూకం యంత్రాన్ని, దానికి ల్యాన్ పోర్టు లేదనే ఒక్క కారణంతో ఎవరూ తీసి పారేయరు. పైగా ఆర్‌ఎస్‌-485 తక్కువ వేగంలో రెండు తీగల మీద 1200 మీటర్ల దాకా వెళ్తుంది, ఒకే లైన్ మీద 32 పరికరాలు పెట్టొచ్చు. ల్యాన్ కేబుల్ 100 మీటర్లకే ఆగిపోతుంది. అందుకే కొత్తగా కట్టే సోలార్ ప్లాంట్లలో కూడా ఇన్వర్టర్లు, వెదర్ స్టేషన్లు, మీటర్లు ఈ భాషలో మాట్లాడటం మామూలే. జీడిమెట్ల, పటాన్‌చెరు వైపు ఫార్మా యూనిట్లు, మిర్యాలగూడ రైస్ మిల్లుల వేబ్రిడ్జిలు, కర్నూలు సోలార్ పార్కు లాంటి చోట్లకు ఉద్యోగానికి వెళ్తే సీరియల్ పోర్టు మీకు ఎదురుపడకుండా ఉండదు.

ఇక పనిలోకి దిగుదాం. కన్వర్టర్‌ను సెట్ చేయడానికి ప్రత్యేక సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. అందులోనే చిన్న వెబ్ పేజీ ఉంటుంది, బ్రౌజర్‌తో తెరవొచ్చు. వినడానికి రౌటర్ సెట్ చేసినంత తేలిక. కానీ మొదటి మెట్టు దగ్గరే చాలామంది బోల్తా పడతారు.

పెట్టె ఫ్యాక్టరీ నుంచే ఒక ఐపీతో వస్తుంది. ఉదాహరణకు మోక్సా ఎన్‌పోర్ట్ రకాలకు అది 192.168.127.254. మీ ల్యాప్‌టాప్ ఏమో ఇంటి వైఫై ఇచ్చిన వేరే వరుస అడ్రస్‌లో ఉంటుంది. ఒకే కేబుల్‌కి అటొకటి ఇటొకటి ఉన్నా రెండింటికీ పరిచయం కుదరదు. వైఫై ఆపేసి, ల్యాప్‌టాప్ ల్యాన్ పోర్టుకు 192.168.127.10 లాంటి స్టాటిక్ ఐపీ, 255.255.255.0 సబ్‌నెట్ మాస్క్ ఇవ్వాలి. పింగ్ కొట్టి, బదులు వచ్చాక బ్రౌజర్‌లో పెట్టె అడ్రస్ టైప్ చేయాలి. అప్పుడు లాగిన్ పేజీ వస్తుంది. సబ్‌నెట్ మాస్క్ మీద పరీక్షలో రెండు పేజీలు రాసినవాళ్లు కూడా ఇక్కడ ‘పేజీ ఓపెన్ కావట్లేదు సార్, ఇంటర్నెట్ లేదు’ అంటారు. దీనికి ఇంటర్నెట్‌తో పనేమిటి? ఉన్నది రెండు పరికరాలు, మధ్యలో ఒక కేబుల్.

రెండో కంగారు. నెట్‌వర్క్ పేజీలో ఐపీ మార్చి సేవ్ కొట్టగానే పేజీ మాయమైపోతుంది. పెట్టె పాడైందనుకుని రీసెట్ బటన్ నొక్కేస్తారు. పాడవలేదు. అది కొత్త ఇంటికి మారింది, మీరింకా పాత ఇంటి తలుపు కొడుతున్నారు. ల్యాప్‌టాప్ ఐపీని కూడా కొత్త వరుసలోకి మార్చి మళ్లీ తెరవాలి, అంతే. ఇంకో మాట. ప్లాంట్‌లో ఏ ఐపీ ఖాళీగా ఉందో మీరు ఊహించకూడదు. అక్కడి ఐటీ వాళ్లనో, ఇన్‌స్ట్రుమెంటేషన్ వాళ్లనో అడిగి రాయించుకోవాలి. మీరు పెట్టిన అడ్రసే బాయిలర్ పీఎల్‌సీకి కూడా ఉందనుకోండి, ఆ సాయంత్రం మీ కోసం వెతికేది ఒక్క మనిషి కాదు.

తర్వాత సీరియల్ సెట్టింగ్స్ పేజీ. బాడ్ రేట్, డేటా బిట్స్, పారిటీ, స్టాప్ బిట్స్, ఫ్లో కంట్రోల్, ఆర్‌ఎస్‌-232నా 485నా అన్నది. ఇవన్నీ ఎదుటి పరికరంలో ఎలా ఉన్నాయో అచ్చం అలాగే ఉండాలి. మోడ్‌బస్ ప్రమాణంలో ఈవెన్ పారిటీ డిఫాల్ట్. మార్కెట్లో దొరికే మీటర్లు చాలావరకు నో పారిటీతో వస్తాయి. కాబట్టి ఊహించొద్దు, పరికరం మాన్యువల్ తెరవండి, లేదా దాని మెనూలోకి వెళ్లి చూడండి.

ఇక్కడే మంచి ఇంజినీరు ఎవరో తెలిసిపోతుంది. స్క్రీన్ మీద పిచ్చి అక్షరాలు వస్తున్నాయంటే తీగలు బాగానే ఉన్నాయి, బాడ్ రేటో పారిటీయో తేడా కొట్టింది. అసలేమీ రావట్లేదంటే ముందు వైరింగ్ చూడాలి. 232 అయితే పంపే తీగ, అందుకునే తీగ అటూ ఇటూ మారాయేమో. 485 అయితే ‘ఏ’, ‘బీ’ తీగలు తారుమారయ్యాయేమో. ఈ ఏ, బీ పేర్లను కొన్ని కంపెనీలు ఉల్టాగా ముద్రిస్తాయి, కాబట్టి మార్చి చూడటం తప్పు కాదు. మోడ్‌బస్‌లో అయితే స్లేవ్ అడ్రస్ తేడా ఉన్నా మౌనమే. పిచ్చి అక్షరాలకూ మౌనానికీ తేడా చెప్పగలిగిన అభ్యర్థిని నేనైతే వెంటనే తర్వాతి రౌండ్‌కి పంపిస్తా. ఈ తేడా ఏ పుస్తకంలోనూ పెద్ద అక్షరాలతో ఉండదు. ఒకసారి తంటాలు పడినవాళ్లకు మాత్రం గుర్తుండిపోతుంది.

ఆపరేటింగ్ మోడ్ గురించి త్వరగా చెప్పేస్తా. టీసీపీ సర్వర్ మోడ్‌లో పెట్టె కూర్చుని ఎదురుచూస్తుంది, కంప్యూటర్ వెళ్లి దాన్ని పలకరిస్తుంది. ఎన్‌పోర్ట్‌లో దానికి డిఫాల్ట్ పోర్టు నంబర్ 4001. టీసీపీ క్లయింట్ మోడ్‌లో పెట్టే వెళ్లి సర్వర్‌ని పలకరిస్తుంది. మీ కంపెనీ సాఫ్ట్‌వేర్ పాతదై కామ్3, కామ్4 తప్ప ఇంకేమీ తెలియనిదైతే, రియల్ కామ్ లాంటి మోడ్ పెట్టి డ్రైవర్ వేస్తారు. నెట్‌వర్క్ అవతల ఉన్న పోర్టు కూడా విండోస్‌లో లోకల్ పోర్టులా కనిపిస్తుంది.

ఈ పేజీలోనే ఒక చిక్కుముడి ఉంది, దాన్ని మాత్రం వదలకండి. మామూలు కన్వర్టర్ అక్షరాలను మోస్తుంది, అనువాదం చేయదు. మోడ్‌బస్ ఆర్‌టీయూ సందేశాన్ని అలాగే టీసీపీలో పెట్టి పంపేస్తుంది. అది మోడ్‌బస్ టీసీపీ అయిపోదు. మోడ్‌బస్ టీసీపీలో ముందు ఏడు బైట్ల హెడర్ ఉంటుంది, చివర సీఆర్‌సీ ఉండదు, మామూలుగా పోర్టు 502. స్కాడాలో ‘మోడ్‌బస్ టీసీపీ’ అని ఎంచుకుని, మధ్యలో ఉత్త కన్వర్టర్ పెట్టి రోజంతా జుట్టు పీక్కునేవాళ్లున్నారు. కావాల్సింది గేట్‌వే, లేదా స్కాడాలో ‘ఆర్‌టీయూ ఓవర్ టీసీపీ’ ఎంపిక. కొన్ని పెట్టెలు రెండు పనులూ చేస్తాయి, మోడల్ చూసుకోవాలి. ఈ ఒక్క ప్రశ్నతో సగం మందిని వడపోయొచ్చని ఇంటర్వ్యూ చేసేవాళ్లకు తెలుసు. మీకూ తెలియాలి.

ఇప్పుడు అసలైన చోటు. వెబ్ పేజీలో ఎక్కడో లోపల ‘డేటా ప్యాకింగ్’ అని ఉంటుంది. ప్యాకింగ్ లెంగ్త్, డెలిమిటర్, ఫోర్స్ ట్రాన్స్‌మిట్ అని మూడు గళ్లు. డిఫాల్ట్‌గా వదిలేసి సేవ్ కొట్టేయడం అందరి అలవాటు. ఏం జరుగుతుందో చూడండి.

వేబ్రిడ్జి మీద లారీ నిలబడింది. బరువు 24,560 కిలోలు. తూకం యంత్రం ఆ అంకెల్ని వరుసగా పంపి, చివర సీఆర్, ఎల్ఎఫ్ అనే రెండు కంటికి కనిపించని అక్షరాలతో ముగిస్తుంది. 9600 వేగంలో ఒక్కో అక్షరానికి దాదాపు ఒక మిల్లీసెకను పడుతుంది. కన్వర్టర్‌కి సందేశం ఎక్కడ పూర్తవుతుందో మీరు చెప్పలేదు కాబట్టి, అది వచ్చినంత వరకు మూటగట్టి పంపేస్తుంది. మొదటి మూటలో ‘2456’ వెళ్లింది, రెండో మూటలో ‘0’ వెళ్లింది. అవతలి సాఫ్ట్‌వేర్ రాసినవాడు మొదటి మూటనే మొత్తం సందేశం అనుకుంటే లారీ బరువు 2,456 కిలోలు. లారీ ఖాళీ బరువు కన్నా తక్కువ! రోజులో వంద లారీలు వస్తే ఇది రెండు మూడింటికే జరగొచ్చు, అదే దీనిలోని దరిద్రం. మీరు పరీక్ష చేసినప్పుడు అన్నీ సరిగ్గా వస్తాయి, సంతకం పెట్టించుకుని ఇంటికొచ్చేస్తారు.

మందు ఏమిటంటే డెలిమిటర్ గళ్లలో 0డీ, 0ఏ అని హెక్స్‌లో ఇవ్వాలి. అప్పుడు ఆ రెండు అక్షరాలు వచ్చేదాకా పెట్టె ఆగుతుంది. అయినా టీసీపీ అనేది ఏటిలో నీళ్లలాంటిది, అందులో సందేశాల మధ్య గట్లుండవు. కాబట్టి సాఫ్ట్‌వేర్ వైపు కూడా సీఆర్, ఎల్ఎఫ్ వచ్చేదాకా పోగుచేసుకుని ఆ తర్వాతే చదవాలి. కోడింగ్ వచ్చిన ఈసీఈ విద్యార్థికి ఇది బంగారం లాంటి చోటు. తీగ వైపూ అర్థమై, కోడ్ వైపూ అర్థమైన మనిషి ప్లాంట్‌లో అరుదు. సీఎస్ఈ వాళ్లకు తూకం యంత్రం తెలియదు, ఎలక్ట్రికల్ వాళ్లకు సాకెట్ ప్రోగ్రామింగ్ తెలియదు. మధ్యలో నిలబడినవాళ్లకు గిరాకీ.

మోడ్‌బస్ ఆర్‌టీయూలో అయితే ముగింపు అక్షరమే ఉండదు. మూడున్నర అక్షరాల నిశ్శబ్దమే ముగింపు. 9600 వేగంలో, అక్షరానికి 11 బిట్ల లెక్కన, అది సుమారు 4 మిల్లీసెకన్లు. ఈ లెక్క కాగితం మీద ఒకసారి మీరే వేసుకోండి. వేసినవాళ్లకు ఫోర్స్ ట్రాన్స్‌మిట్ గడిలో ఏ విలువ పెట్టాలి, స్కాడాలో టైమవుట్ ఎందుకు కాస్త పెంచాలి అన్నది వాళ్లంతట వాళ్లకే తడుతుంది.

ఇంకో చిక్కు కరెంటు పోయినప్పుడు వస్తుంది, మనకు అది కొత్తేమీ కాదు. టీసీపీ సర్వర్ మోడ్‌లో మామూలుగా ఒకసారికి ఒక్క కనెక్షనే అనుమతిస్తారు. కంట్రోల్ రూమ్ కంప్యూటర్ హఠాత్తుగా ఆగిపోయిందనుకోండి, ప్యానెల్లో ఉన్న పెట్టెకు ఆ సంగతి తెలియదు. పాత కనెక్షన్ ఇంకా ఉందనే అనుకుంటుంది. కంప్యూటర్ మళ్లీ లేచి వచ్చి తలుపు కొడితే ‘లోపల ఎవరో ఉన్నారు’ అంటుంది. ఎన్‌పోర్ట్‌లో ‘టీసీపీ అలైవ్ చెక్’ అనే గడి డిఫాల్ట్ విలువ 7 నిమిషాలు. ఆ సమయమంతా ఆపరేటర్ ఖాళీ స్క్రీన్ చూస్తూ మీకు ఫోన్ చేస్తాడు. తగ్గించి పెట్టడానికి అర నిమిషం పని.

అన్నిటికన్నా తేలిగ్గా తీసిపారేసేది పాస్‌వర్డ్ పేజీ. ‘లోపలి నెట్‌వర్కే కదా, ఎవరొస్తారు’ అంటారు. ఇక్కడ నేనేమీ మెత్తగా చెప్పను. 2015 డిసెంబర్ 23న ఉక్రెయిన్‌లో మూడు విద్యుత్ పంపిణీ సంస్థల మీద సైబర్ దాడి జరిగింది. సుమారు 2,25,000 మంది వినియోగదారులకు కరెంటు పోయింది. దాడి చేసినవాళ్లు నెలల ముందే ఈమెయిళ్ల ద్వారా ఆఫీసు నెట్‌వర్కుల్లోకి దూరి, లాగిన్ వివరాలు దొంగిలించారు. ఆ రోజు కంట్రోల్ రూమ్ కంప్యూటర్ల ద్వారానే సబ్‌స్టేషన్లలో బ్రేకర్లను ట్రిప్ చేశారు. అంతటితో ఊరుకోలేదు. సబ్‌స్టేషన్లలో ఉన్న సీరియల్ టు ఈథర్‌నెట్ కన్వర్టర్లలోకి పనికిరాని ఫర్మ్‌వేర్ ఎక్కించి వాటిని మొద్దుబారిపోయేలా చేశారు. దాంతో కంట్రోల్ రూమ్ నుంచి బ్రేకర్లను తిరిగి వేసే దారి మూసుకుపోయింది. సిబ్బంది ఒక్కో సబ్‌స్టేషన్‌కీ వెళ్లి చేత్తో వేశారు. కొన్ని గంటల్లో కరెంటు వచ్చింది కానీ, ఆ పెట్టెలు మళ్లీ పనికి రాలేదు.

అంత పెద్ద దాడిలో వాళ్లు గురిపెట్టి చంపింది ఈ చిన్న పెట్టెనే అని గమనించండి. ఎందుకంటే పాత ప్రపంచానికీ కొత్త ప్రపంచానికీ మధ్య ఉన్న ఇరుకు వంతెన అదే. అందుకని డిఫాల్ట్ పాస్‌వర్డ్ మార్చడం, టెల్‌నెట్ లాంటి వాడని సేవల్ని ఆపేయడం, ఏ ఏ ఐపీల నుంచి మాత్రమే కనెక్ట్ కావచ్చో జాబితా పెట్టడం, దీన్ని నేరుగా ఇంటర్నెట్‌కు ఎప్పుడూ వదలకపోవడం... ఇవి ‘టైమ్ ఉంటే చేద్దాం’ అనుకునే పనులు కావు. పారిశ్రామిక సైబర్ భద్రత వైపు వెళ్లాలనుకునేవాళ్లకు ఇదే తొలి పాఠం. హ్యాకింగ్ కోర్సుల ప్రకటనల్లో ఇది కనిపించదు.

‘ఇవన్నీ ఎక్కడ నేర్చుకోవాలి? మా కాలేజీలో లేవు’ అంటారా? సగం ఉన్నాయి. మైక్రోప్రాసెసర్ ల్యాబ్‌లో 8086, 8051 కిట్లకు వెనకాల తొమ్మిది పిన్నుల పోర్టు కనిపిస్తే అది సీరియల్ పోర్టే. దాన్ని నెట్‌వర్కు మీదికి తేవడమే ఒక మినీ ప్రాజెక్టు. హెచ్‌ఓడీని అడగండి, కాదనడానికి పెద్ద కారణమేమీ ఉండదు. సిలబస్‌లో ఆర్‌ఎస్‌-232 వోల్టేజీలు బట్టీ పట్టించి, ఆ పోర్టుకు ఒక్కసారీ తీగ పెట్టించకపోవడం నాకు ఎప్పటికీ అర్థం కాని విషయం.

సొంతంగా చేయాలంటే బ్రాండెడ్ కన్వర్టర్ ఒక్కరికి ఖరీదే. నలుగురు కలిస్తే భారం కాదు, లేదా సాదా రకం, సెకండ్‌హ్యాండ్ పెట్టె చూడండి. అదీ వద్దంటే పాత ల్యాప్‌టాప్‌లో లైనక్స్ వేసి, యూఎస్‌బీ సీరియల్ అడాప్టర్ పెట్టి, సెర్‌2నెట్ అనే ఉచిత ప్రోగ్రాం నడపండి. వెబ్ పేజీ ఉండదు కానీ లోపల జరిగే పని అదే. మొదటి పరీక్షకు ఏ యంత్రమూ అక్కర్లేదు. ఆర్‌ఎస్‌-232 పోర్టులో 2, 3 పిన్నులను పేపర్ క్లిప్పుతో కలిపి, పుట్టీలో ‘రా’ మోడ్ పెట్టి కన్వర్టర్ ఐపీకి కనెక్టై ఏదైనా టైప్ చేయండి. కొట్టిన అక్షరం తిరిగొస్తే నెట్‌వర్క్ నుంచి సీరియల్ దాకా దారి బాగున్నట్టే. ఆ తర్వాత 12 వోల్టులతో పనిచేసే ఆర్‌ఎస్‌-485 టెంపరేచర్ సెన్సర్ తగిలించండి. ఎనర్జీ మీటర్ జోలికి మాత్రం హాస్టల్ గదిలో వెళ్లొద్దు, దానికి 230 వోల్టులు ఇవ్వాలి. అది ల్యాబ్‌లో, పక్కన తెలిసినవాళ్లుండగా చేసే పని.

ఈ దారి పూలబాట అని నేను చెప్పను. మొదటి జీతం ఐటీలో చేరిన మీ స్నేహితుడి కన్నా తక్కువే ఉండొచ్చు. దుమ్ములో, ఎండలో, ప్యానెల్ ముందు మోకాళ్ల మీద కూర్చోవాల్సి వస్తుంది. పండగకి ఇంటికి బయల్దేరేటప్పుడే షట్‌డౌన్ పని తగులుతుంది, ఎందుకంటే ప్లాంటు ఆగేది అప్పుడే. ఇంట్లోవాళ్లకు ‘ఏం పని చేస్తావురా?’ అంటే ఒక్క ముక్కలో చెప్పలేరు. ఇవన్నీ తెలిసే ఎంచుకోండి. కాకపోతే, ఫోన్‌లో ఏఐని అడిగితే ఏ గడిలో ఏం పెట్టాలో అదీ చెప్తుంది. తీగ వదులైందని, మాన్యువల్ వేరే మోడల్‌దని, ప్యానెల్‌లో ఎవరో ఏ, బీ మార్చారని అక్కడ నిలబడి కనిపెట్టేది మాత్రం మనిషే.

చివరిగా రెజ్యూమె సంగతి. ‘నాలెడ్జ్ ఇన్ మోడ్‌బస్, స్కాడా, ఐఓటీ’ అనే వరుస ప్రతివాడి రెజ్యూమెలోనూ ఉంటుంది, దాన్ని చదివేవాళ్లు లేరు. దాని బదులు మీరు ఏ సెన్సర్‌ను, ఏ బాడ్ రేట్‌తో, ఏ మోడ్‌లో, ఏ ప్రోగ్రాంతో చదివారో, మధ్యలో ఏ తేడా వచ్చి ఎలా పట్టుకున్నారో రెండు వాక్యాల్లో రాయండి. ఇంటర్వ్యూకి వైరింగ్ స్కెచ్, సెట్టింగ్స్ పేజీల ప్రింట్లు ఒక ఫోల్డర్‌లో పట్టుకెళ్లండి. చాలా పెట్టెల్లో సెట్టింగులన్నీ ఒక ఫైలుగా ఎక్స్‌పోర్ట్ చేసే సౌకర్యం ఉంటుంది. అది చేసి ఉంచుకున్నారని తెలిస్తే అడిగేవారి ముఖం మారుతుంది, ఎందుకంటే పెట్టె కాలిపోయిన రాత్రి ఆ ఫైలు విలువ వాళ్లకు తెలుసు. పాస్‌వర్డ్ కనిపించే పేజీని మాత్రం ప్రింట్ తీయకండి.